ఎర్రదారం కట్టిన మందారాలు

పోయిన నెల ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. పూలమొక్కల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఫోన్లో ఒక గుంపుగా చేరి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, అందులో పరిచయం. చీరాలలో మా మేడ మీద నేను పెంచుకునే మందారాలు చూడాలని పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది పాపం. ఒక్కొక్క పువ్వు దగ్గరా ఆగి, "ఇది కూడా మీరే పుట్టించారా అండీ?" అని అడగడం, ఫొటో తీసుకోవడం. చివరికి కాఫీ తాగుతూ, "అసలు మీకిది ఎలా మొదలైందాంటీ?" అంది. "చిన్నప్పటినుంచీ పూలంటే ప్రాణమమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోటికి! పచ్చి అబద్ధం. చిన్నప్పుడు నాకు మందారమంటే ఒళ్ళుమంట. మా నాయనమ్మ ఆదివారం ఆదివారం మందారాకు రుబ్బి నా నెత్తిన దిట్టంగా పట్టించేది. ఆ జిగురు చెవుల్లోకీ మెడ మీదకీ కారుతుంటే, ఎండలో పీట మీద కదలకుండా కూర్చోవాలి. కదిలితే వీపు మీద ఒకటి పడేది. అలాంటి నాకు పూలంటే ప్రాణమట. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక సిగ్గేసింది. నేను మందారాల జోలికి వెళ్ళింది పూల మీద ప్రేమతో కాదు, మాట్లాడేవాళ్ళు లేక.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మొగుణ్ణి వదిలేసి ఒక్క సంచీతో పర్చూరు అవతల మా ఊళ్ళో బస్సు దిగాను. ఆయన కొట్టేవాడు. మూడోసారి కొట్టిన మర్నాడు వచ్చేశాను. ఇంతకంటే వివరంగా చెప్పడం ఇప్పుడు నాకిష్టం లేదు, అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అసలు ఎవరైనా అడిగితే గదా! ఊళ్ళో వాళ్ళంతా అడిగింది ఒకటే ప్రశ్న. "ఎప్పుడెళ్తన్నావమ్మాయ్?" కుళాయి దగ్గర అదే, కిరాణా కొట్లో అదే. ఎందుకొచ్చావని కాదు, ఎప్పుడెళ్తావని. నాన్న మాత్రం అది కూడా అడగలేదు. ఆ రోజు అరుగు మీద మోటారు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు, సంచీ చూశాడు, "అన్నం తిన్నావా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటూ, "నీళ్ళు పెట్టు", "తలుపేసుకో" తప్ప మాట లేకుండా బతికాం. అమ్మ నా పదో ఏట పోయింది. అప్పటినుంచీ ఆయన అంతే. ఆయన మౌనంలో కోపముందో, జాలి ఉందో, పరువు పోయిందన్న బాధ ఉందో నాకు తెలిసేది కాదు. ఒకరోజు పొద్దున్నే లేచి "పద, దిగబెట్టొస్తా" అంటాడేమోనని మాత్రం రోజూ భయపడేదాన్ని.

ఇంటి పెత్తనం నాయనమ్మది. ఆవిడ తెల్లారకముందే లేచి, పెరట్లో బావి పక్కనున్న రేక మందారం చెట్టు దగ్గరికి సజ్జ పట్టుకెళ్ళి, విచ్చుకోబోతున్న పూలన్నీ కోసుకొచ్చి దేవుడి పటాలకు పెట్టేది. ఒక్క పువ్వు చెట్టున మిగిలినా ఆవిడకు తప్పు చేసినట్టుండేది. చేలో తీసిన పత్తి మధ్యగదిలో మోకాళ్ళ ఎత్తు పోసి ఉండేది. దానికో వెచ్చటి వాసన, కొంచెం నూనె వాసన, కొంచెం ఎండిన ఆకు వాసన. మాఘమాసం వస్తే ఆ వాసన పోయి మిరపకాయల ఘాటు వచ్చేది. కల్లంలో కాయలు ఎండుతుంటే ఊరంతా తుమ్ములే. నాన్న చొక్కాకి మాత్రం కాలంతో పని లేకుండా పురుగుమందు వాసన. ఎన్నిసార్లు ఉతికినా పోదు. దండెం మీద ఆ చొక్కా వేలాడుతుంటే నాన్న ఇంట్లోనే ఉన్నట్టుండేది.

ఆ ఏడు నాన్న ఒక ఎకరంలో విత్తనాల పత్తి వేశాడు. మామూలు పత్తి కాదది, క్రాసింగ్ పత్తి. ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. పొద్దువాలేటప్పుడు ఆడవాళ్ళు సాళ్ళలో దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని బొటనవేలి గోటితో చీరి, రేకులూ పుప్పొడీ వలిచేసి, మధ్యనున్న సన్నటి కాడ ఒక్కటే మిగిల్చి, గుర్తుగా ఎర్రదారం కడతారు. పొద్దున మగపువ్వు కోసుకొచ్చి ఆ కాడకు రాస్తారు. దారం ఉన్న కాయే విత్తనానికి. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుండి, కూలీలకు నీళ్ళిచ్చే వంకతో నేనూ చేలోకి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే వాళ్ళ మాటలు ఆగిపోయేవి. ఆగనిది ఒక్క మస్తాన్‌బీ నోరే. వాళ్ళాయన తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇంటివాడు. స్పాంజి పరుపులొచ్చి ఆ పని పడిపోతే, ఆమె క్రాసింగ్ ముఠాకి పెద్దగా తయారైంది. యాభై ఏళ్ళుంటాయి. గోళ్ళు మాత్రం కత్తులే.

"ఊరికే నిలబడి చూస్తావేంది పాపా, దిగు. చేతులకేమైనా రోగమా?" అంది మొదటిరోజే. దిగాను. మొదటి పది మొగ్గల్లో ఏడింటికి కాడ విరగ్గొట్టాను. "అంత బలమెందుకే తల్లీ! చంటిపిల్లకి చొక్కా విప్పినట్టు విప్పాల" అంది. వారం తిరిగేసరికి నా చేయి కుదిరింది. ఆమె నన్ను ఎప్పుడెళ్తావని అడగలేదు. ఆ ఒక్కందుకే ఆమె వెనకాల సాళ్ళు సాళ్ళు తిరిగేదాన్ని. పత్తి పువ్వుని చూస్తూ చూస్తూ ఒకరోజు అడిగాను, "ఇట్టా మందారానికి చెయ్యొచ్చా?" అని. "ఎందుకు చెయ్యకూడదు? పత్తి, బెండ, మందారం మూడూ అక్కచెల్లెళ్ళేగా. పువ్వు చూస్తే తెలవట్లా?" అంది. అంతటితో ఆగలేదు. వాళ్ళ తమ్ముడు పనిచేసే జిన్నింగు మిల్లు ఆవరణలో పసుపు మందారం ఉందట. మర్నాడు తడిగుడ్డలో చుట్టి ఒక పువ్వు పట్టుకొచ్చింది. నేను పరుగున ఇంటికి వెళ్ళి, నాయనమ్మ కంటపడకుండా మిగిలిన ఒకే ఒక ఎర్ర మందారానికి ఆ పుప్పొడి రాసి, చేలోంచి తెచ్చిన ఎర్రదారం కట్టాను. దొంగతనం చేసినట్టే ఉంది.

అయిదు రోజులకు అది రాలిపోయింది. తర్వాతదీ రాలింది. మా మైదానాల్లో ఎండ ఎండలా ఉండదు, కక్షగా ఉంటుంది. మందారం కాయ నిలవాలంటే కాస్త చల్లదనం కావాలని తెలుసుకోవడానికి ఇరవై పూలు పట్టాయి. చలికాలమంటే మాకు ఉండేది రెండు నెలలు, అదీ దుప్పటి కప్పుకున్న కాసేపటికి తన్నేసే చలి. ఆ రెండు నెలల్లో రోజూ పొద్దున్నే దారాలు కట్టాను. ఇంకో బాధేమిటంటే నాయనమ్మ. నేను పుప్పొడి రాసిన పువ్వు చెట్టున ఉండాలి, ఆవిడకేమో ఒక్కటీ ఉండకూడదు. ఒకరోజు ఆవిడ దారం కట్టిన పువ్వు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. నా వైపు తిరిగి చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు.

"మొక్కుకున్నావా తల్లీ?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఎర్రదారం కట్టానంటే కాపురం చక్కబడాలని మొక్కుకుంటున్నాననుకుంది పిచ్చిది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే మర్నాటినుంచీ పూలన్నీ సజ్జలోకి పోతాయి. నోరు మూసుకున్నాను. తల కూడా ఊపానేమో, ఆ పాపం చేశాననే అనుకుంటున్నాను. ఇక చూడాలి! "మా పిల్ల మొక్కుకుందమ్మా, దారం ఉన్నది ముట్టుకోబాకండి" అని పువ్వు కోసం వచ్చిన ఇరుగుపొరుగునంతా ఆవిడే కసిరేది. నా కాయలకు అంతకంటే గట్టి కాపలా ఇంకేం కావాలి? అబద్ధం ఎంత హాయిగా పనిచేస్తుందో అప్పుడే తెలిసింది. కాని రాత్రి అన్నం దగ్గర ఆవిడ ఆశగా నా మొహంలోకి చూస్తుంటే ముద్ద దిగేది కాదు.

నాలుగు కాయలు నిలిచాయి. ఎండి పగిలితే లోపల ముప్ఫై దాకా గింజలు, మిరియాలంత కూడా లేవు. తొలకరి పడ్డాక వాటిని కొబ్బరిచిప్పల్లో వేద్దామని మట్టి కలుపుతుంటే మస్తాన్‌బీ వచ్చి పక్కన కూర్చుంది.

"గింజ వేస్తే పువ్వెప్పుడొస్తది?"

"ఏడాదిన్నర. రెండేళ్ళు పట్టినా పట్టొచ్చు."

"అయితే ఉంటన్నావన్నమాట" అంది, చేతిలో గడ్డి తుంచుకుంటూ, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా. నేను మట్టి చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చాను. వచ్చి ఏడాది కావస్తున్నా ఉంటున్నానన్న మాట నాతో నేను కూడా అనుకోలేదు. ఆమె ఊరుకోమనలేదు. నా ఏడుపు అయిందాకా ఉండి, ఒక్కో చిప్పలో రెండేసి గింజలు తనే వేసి వెళ్ళింది.

పదకొండు మొలిచాయి. వాటిని పెరటి గోడ నీడన వరసగా పెట్టుకుని, రోజుకు పదిసార్లు చూసుకునేదాన్ని. నాన్న అటుగా పోతూ ఎప్పుడైనా ఆగేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఆశ్వయుజంలో లేత ఆకుల మీద పేనుబంక పట్టింది. నేను వేపనూనె వెతుక్కుంటూ అంగడికి వెళ్ళొచ్చేసరికి నాన్న వీపున డబ్బా తగిలించుకుని నా మొక్కలకు మందు కొడుతున్నాడు. తనంత తానుగా నా పని ముట్టుకోవడం అదే మొదటిసారి. సంతోషంతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆయన నన్ను చూడలేదు. ప్రతి ఆకూ తిప్పి, కింద కూడా తడిసేలా కొట్టాడు.

నాలుగో రోజుకి ఆకులన్నీ కోడికాళ్ళలా సన్నగా ముడుచుకుపోయాయి. పత్తి పండించేవాళ్ళ ఇంట పుట్టినదాన్ని, చూడగానే తెలిసింది. గడ్డిమందు! నాన్న డబ్బా చెడిపోయి మరమ్మతుకి పోతే, పక్క మాగాణి ఆయన డబ్బా అడిగి తెచ్చాడు. ఆయన దాంతో వరి గట్ల మీద గడ్డిమందు కొట్టి ఉన్నాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా పత్తికి పనికిరాదని మా ఊళ్ళో పలక పట్టిన పిల్లలకు కూడా తెలుసు. పత్తికి పనికిరానిది మందారానికి పనికొస్తుందా? నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, ఇంకొకడు చేస్తే కొట్టేంత పని చేసేవాడు, తనే చేశాడు. మొక్కల ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు పట్టుకుని చూశాడు. చూసి లేచి చేలోకి వెళ్ళిపోయాడు, పొద్దుపోయేదాకా రాలేదు. నేను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. మస్తాన్‌బీ వచ్చి, పచ్చగా ఉన్న చోటికి కాడలు కోసేసి, "వేరు చావకపోతే చిగురేస్తయ్, చూద్దాం" అంది. పదకొండులో ఎనిమిది పోయాయి.

సరిగ్గా ఆ వారంలోనే మా అత్తగారి ఊరినుంచి అద్దె కారు వచ్చింది. మా పెదమామగారు, అంటే మావారి పెదనాన్న, వెంట ఇంకో పెద్దమనిషి. చీర, పళ్ళు, పూలు తెచ్చారు. నాయనమ్మ మొహం వెలిగిపోయింది. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను.

"మేమే ఆలస్యం చేశాం బావగారూ" అన్నాడు పెదమామగారు. "అమ్మాయి ఏడాదిగా చెట్టుకి ఎర్రదారాలు కట్టి మొక్కుకుంటందంటగా! మా ఊళ్ళో కూడా చెప్పుకుంటన్నారు. మనసు మారినాక ఇంకా ఇక్కడుంచుకోవడం మర్యాద కాదు. మావాడు కూడా బుద్ధి తెచ్చుకున్నాడు. ఇవాళ మంచిరోజు, తీసుకెళ్తాం."

నా అబద్ధం ఊళ్ళు దాటి వెళ్ళి కారెక్కి వచ్చింది. ఇంకా తలుపు వెనకే ఉంటే ఆ కారులో కూర్చోబెడతారు. బయటికొచ్చి చెప్పాను. "అవి మొక్కులు కాదండీ. పత్తికి కట్టినట్టు కట్టాను. ఏ పువ్వు పుప్పొడి దేనికి రాశానో గుర్తు కోసం. నేను రాను." నాయనమ్మ వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆ వెంటొచ్చిన పెద్దమనిషి పకపకా నవ్వాడు. "చూశావంటయ్యా! మొగుణ్ణొదిలేసొచ్చి చెట్లకి పెళ్ళిళ్ళు చేస్తందంట!"

నాన్న అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. నవ్వు ఆగాక తలెత్తాడు.

"గోడ పక్కన మూడు మొక్కలుండయ్, చూడండి. పదకొండుండాల. నేను గడ్డిమందు డబ్బాతో కొట్టి చంపా. ఆ మూడూ తేరుకుని పుయ్యాలంటే ఏడాదన్నా పట్టుద్ది. అందాకా మా అమ్మాయిని యాడికీ పంపను."

"ఏంది బావగారూ, మూడు మొక్కల కోసం కాపురం చెడగొట్టుకుంటారా?"

"మొక్కల కోసమేననుకోండి."

"పూసినాక పంపుతారా మరి?"

"పూసినాక మళ్ళీ గింజలు వేసుద్ది" అన్నాడు నాన్న. "కాఫీ తాగి వెళ్ళండి."

వాళ్ళు తాగకుండానే వెళ్ళారు. నాన్న తువ్వాలు దులుపుకుని చేలోకి పోయాడు. దిగబెట్టొస్తానంటాడేమోనన్న భయం ఆ రోజుతో పోయింది. నాయనమ్మ నన్ను క్షమించలేదు. మర్నాడు పొద్దున్నే సజ్జ తీసుకెళ్ళి దారం ఉన్నవీ లేనివీ అని చూడకుండా చెట్టంతా దులిపేసింది. ఊళ్ళోవాళ్ళు ఎప్పుడెళ్తావని అడగడం మానేశారు, దాంతోపాటు పలకరించడమూ మానేశారు. మరుసటేడు విత్తనాల కంపెనీ వాళ్ళు మా వైపు క్రాసింగ్ పత్తి వేయించడం ఆపేశారు. ముఠా చెదిరిపోయింది. మస్తాన్‌బీ దర్శిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు నా చేతులు పట్టుకుని గోళ్ళు చూసి, "తియ్యబాకు, ఉంచుకో" అంది. ఆమె పోయాక నోరు తెరిచి మాట్లాడే మనిషి లేక, మొక్కలతోనే గొణుక్కునేదాన్ని.

ఇప్పుడు కొత్త పువ్వు విచ్చుకుంటే ఫొటో తీసి గుంపులో పెడతాను. నా కాఫీ చల్లారేలోగా అందరూ చూసేసి, గుండె బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ పెట్టి ఇంకోళ్ళ పువ్వు దగ్గరికి వెళ్ళిపోతారు. మంచివాళ్ళే, నేనూ వాళ్ళ పూలకు అదే చేస్తాను. నాన్న, నాయనమ్మ పోయి, నేను చీరాల వచ్చేసి చాలా ఏళ్ళయింది. మేడ మీద ఒక్కదాన్నే తిరుగుతుంటాను, అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన బాగుంటుందని కాదు.

మొదటి పువ్వు మాత్రం ఫొటోకి నోచుకోలేదు. మరుసటేడు మాఘంలో నాన్న మిరపకాయల టిక్కీ బస్తాలు లారీకెత్తించుకుని గుంటూరు యార్డుకి వెళ్ళాడు. వెళ్ళిన మర్నాడు మూడు మొక్కల్లో ఒకటి పూసింది. అరచేతి కంటే చిన్నది, అంచు కొంచెం ముడతలు. ఎరుపూ కాదు, పసుపూ కాదు. భూమ్మీద అంతకుముందు లేని పువ్వు, నా చేత్తో పుట్టింది, చూపిద్దామంటే మనిషి లేడు. నాయనమ్మకు కళ్ళలో పొర, దగ్గరికొచ్చి తడిమి "దేవుడికి పనికొస్తదా?" అని వెళ్ళిపోయింది. మందారం ఒక్కరోజు పువ్వు. ఎండెక్కేకొద్దీ, వీధిలో లారీ చప్పుడు వినపడినప్పుడల్లా గుమ్మంలోకి పరుగెత్తాను. సాయంత్రానికి అది ముడుచుకుంది, తెల్లారేసరికి రాలింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

నాన్న మధ్యాహ్నం వచ్చాడు. మొక్క మొదట్లో రాలిన పువ్వుని చూసి ఆగాడు. తొట్టి దగ్గరికెళ్ళి, కారం చేతులని కాబోలు, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుని వచ్చాడు. ఆ పువ్వుని అరచేతిలో పెట్టుకుని, చుట్టుకుపోయిన రేకుల్ని బొటనవేలితో ఒక్కొక్కటే విప్పాడు. ఒకటి చిరిగింది. లోపలంతా నలుపు తిరిగి ఉంది.

"పూసినప్పుడు ఇదే రంగా?"

"కాదు నాన్నా. అదో రకంగా ఉంది. ఎట్టా చెప్పాలో తెలీటం లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, కల్లం నుంచి తెచ్చి వసారాలో పోసిన తాలుకాయల కుప్ప దగ్గరికి వెళ్ళాడు. ఎరుపు దిగి పాలిపోయిన కాయలవి, మేలు కాయల్లోంచి ఏరి పక్కన పడేసేవి. ఆ కుప్ప ముందు కూర్చుని ఒక కాయ తీసి పైకెత్తాడు.

"ఇదా?"

"కాదు. ఇంకా ఎరుపు."

"ఇదా?"

"ఊహూఁ, అంత కాదు. కొంచెం పసుపు తగలాలి."

నేనూ పక్కనే కూర్చున్నాను. ఘాటుకి ఇద్దరం తుమ్ముతున్నాం. ఆయన ఏరుతున్నాడు, వెలుతురుకి పట్టి చూస్తున్నాడు, నాకు చూపిస్తున్నాడు. అన్నం చల్లారిపోతోందని నాయనమ్మ లోపలినుంచి కేకలేస్తోంది. ఎన్నో కాయో గుర్తులేదు, చాలాసేపటికి ఒకటి చూపించాడు.

"అదే నాన్నా" అన్నాను. "అచ్చం అదే."

ఆయన ఆ కాయని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"బాగా పూసిందే" అన్నాడు.